మూడో పాదంలో పాలు

ఆకాశం నుంచి దేవదూతలే దిగి వచ్చి గోదావరిఖనిలో పద్యం పాడినా, అందులో ఒక్క అక్షరం బరువు తప్పితే చాలు, మా అవ్వ సుసన్నా ఆ దూతను రెక్క పట్టి నిలబెట్టి మళ్ళీ మొదటి నుంచి పాడించేది. ఇది కోతలని ఎవరైనా అంటే, వాళ్ళు ఎన్నడూ ఆమె ఎదుట పద్యం పాడి ఉండరు.

చదువంటారా, సున్న. జీతం పట్టీ మీద వేలిముద్ర. పని బొగ్గులో రాయి ఏరడం. గనిలోంచి పైకి వచ్చిన బొగ్గు జల్లెడ ప్లాంటులో కదిలే బెల్టు మీద పోతుంటే, రెండు పక్కలా ఆడవాళ్ళు నిలబడి అందులో కలిసిన రాయిని ఏరి అవతల పడేసేవాళ్ళు. వినడానికి తేలికే. కానీ దుమ్ము పట్టాక బొగ్గూ రాయీ ఒకటే నలుపు. కళ్ళను నమ్ముకున్నవాళ్ళు మోసపోతారు. చేతికే తెలుస్తుంది. అదే సైజు ముక్క, ఒకటి తేలిక, ఒకటి బరువు. ఎత్తీ ఎత్తకముందే సుసన్నా వేళ్ళు తీర్పు చెప్పేసేవి.

పద్యాన్ని కూడా ఆమె అలాగే ఏరేది. కళ్ళు మూసుకుని, కుడి అరచెయ్యి వెల్లకిలా పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం అందులో పడుతున్నట్టు వినేది. గురువు, లఘువు అన్న మాటలు ఆమె ఎరగదు. బరువు, తేలిక అనేది. పాదాన్ని వాకిలి అనేది. ఒకసారి శ్రీరాంపూర్‌లో పెళ్ళికి పోతే, ఎక్కడినుంచో వచ్చిన బోధకుడు సొంతంగా కట్టిన పద్యాన్ని రాగం తీసి పాడాడు. అందరూ ఆహా అంటుంటే, ఆడవాళ్ళ వరుసలోంచి సుసన్నా గొంతు లేచింది. “అయ్యా, రెండో వాకిట్ల ఒక రాయి పడ్డది సూడున్రి.” ఆ బోధకుడు నవ్వి, నవ్వుతూనే వేళ్ళ మీద లెక్క పెట్టుకుని, నవ్వు ఆపేశాడు. ఆ పెళ్ళిలో ఆయన మళ్ళీ నోరు విప్పింది అన్నం దగ్గరే.

ఈ విద్య ఆమెకు నాయన యోనా దగ్గర అబ్బింది. కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో యోనా ఒకరి పొలంలో జీతగాడు. బాప్తిస్మం తీసుకోకముందు బాగోతం ఆడేవాళ్ళ వెంట ఊరూరా తిరిగి పద్యాలన్నీ చెవులతో పట్టుకున్నాడు. తీసుకున్నాక అదే నడకలో యేసయ్య మీద పద్యాలు కట్టడం మొదలుపెట్టాడు. బరువుకు తొడ మీద అరచెయ్యి, తేలికకు ఒక వేలు. రాయడం రాదు కాబట్టి నలభై పద్యాలూ కూతురి నోట్లో దాచాడు. ఆయన పోయాక అవి ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క నోట్లోనే.

వాటిలో ఒకటి గని కాలనీ క్రైస్తవులందరికీ నోటికి వచ్చేసింది. రాత్రి డ్యూటీ దిగినవాళ్ళు తెల్లవారి ప్రార్థనలో ఇదే పాడేవాళ్ళు.

నల్లని చీకటి బతుకున
మెల్లగ నీ దయ కురిసెను మిన్నుల నుండీ
పాలే చుక్కలు చుక్కలు
తెల్లారగ కుండ నిండు తీరుగ దేవా

అరవై తొమ్మిదిలో రేకుల షెడ్డు తీసేసి కాలనీలో కొత్త చర్చి కట్టారు. గుమ్మం పక్కన రాతి పలక మీద ఒక పద్యం చెక్కించాలని కమిటీ అనుకుంది. ఏ పద్యం అన్న ప్రశ్నే రాలేదు. కింద ‘యోనా’ అని పేరు కూడా చెక్కుదామన్నారు. ఆ మాట మోసుకొచ్చింది సుసన్నా భర్త యిర్మియానే. గనిలో బొగ్గు నింపే పని, చర్చి కమిటీలో సభ్యుడు. సుసన్నా ఆ రోజు రెండు సార్లు బియ్యం కడిగింది, ఒక్కసారీ పొయ్యి మీద పెట్టలేదు. ఊళ్ళో యోనాకు సమాధి మీద కర్ర సిలువ కూడా మిగల్లేదు. చెదలు తినేసింది. ఇప్పుడు రాయి మీద పేరు!

చెక్కే ముందు ఒకసారి చూసిపెట్టమని పద్యాన్ని సామ్యేల్ పంతులు చేతికిచ్చారు. ఆయన బడిలో తెలుగు చెప్తాడు. ఛందస్సు క్షుణ్ణంగా తెలిసినవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, గచ్చు ఇంకా తడి ఆరని కొత్త చర్చిలోనే, కాగితం మీద పద్యాన్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి లేచి నిలబడ్డాడు.

“ఇది కందపద్యం,” అన్నాడు. “కందం కట్టినోడే కవి అంటరు. ఇగ వినున్రి. ‘నల్లని’, ఒక గురువు, రెండు లఘువులు, భగణం. ‘చీకటి’, భగణం. ‘బతుకున’, నాలుగు లఘువులు. అన్నీ నాలుగు మాత్రలే. ఎక్కడ గీత గీస్తే అక్కడ తెగుతున్నది. రెండో పాదంల ‘మె’కు ‘మి’ యతి. నాలుగో పాదంల ‘తె’కు ‘తీ’ యతి. ఆరో గణం దగ్గర పెద్ద పెద్దోళ్ళే తప్పుతరు. ఇక్కడ ఒక తావు నలం, ఇంకో తావు జగణం. రెండూ రావచ్చు.” ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఓనమాలు రాని మనిషి ఇది ఎట్ల కట్టిండో నాకు అర్థమైతలేదు.”

సుసన్నాకు ఆ గణాల పేర్లు ఒక్కటీ తెలియదు. నాయనకు ఎవరో కొత్త చొక్కా తొడుగుతున్నట్టు మాత్రం అనిపించింది.

“కాని ఒక దోషం ఉన్నది,” అన్నాడు పంతులు.

బయటికి పోబోతున్నవాళ్ళు గుమ్మంలో వెనక్కి తిరిగారు.

“కందంల నాలుగు పాదాలకూ రెండో అక్షరం ఒక్కటే ఉండాలె. దాన్ని ప్రాస అంటరు. నల్లనిల ‘ల్ల’. మెల్లగల ‘ల్ల’. తెల్లారగల ‘ల్ల’. మూడో పాదం సూడున్రి, పాలే. ఒట్టి ‘ల’. ఒత్తు లేదు. ఇది చిన్న తప్పు గాదు. ప్రాస తప్పితే కందమే గాదు. రాయి మీద చెక్కితే రేపు చదువుకున్నోడు ఎవడన్న వచ్చి నవ్విపోతడు.” కాస్త ఆగి, గొంతు తగ్గించి, “కావాలంటే నేనొకటి రాసిస్త,” అన్నాడు.

“పాపం, యోనాకేం తెలుసు ప్రాస గీస,” అన్నారు వెనక నుంచి ఎవరో. జాలిగానే అన్నారు. ఆ జాలే సుసన్నాకు చెంపదెబ్బలా తగిలింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. పద్యంలో నలభైకి పైగా అక్షరాలుంటే, పంతులు వేలు సరిగ్గా ఆ ఒక్క మాట మీదే ఎలా పడింది? జనం పోయేదాకా ఆగి ఆయన దగ్గరికి పోయింది.

“పంతులుగారూ, గా మాట సంగతి మీకెవరు చెప్పిన్రు?”

“ఏ మాట సంగతి?”

“పాలు.”

“ఎవరూ చెప్పలే సుసన్నమ్మా. పద్యమే చెప్పింది.”

ఆమె కొంగు కప్పుకుని గబగబా బయటికి నడిచింది. ఎందుకంటే ఆ ‘పాలు’ యోనా పెట్టినవి కావు.

పన్నెండేళ్ళ కిందట, సుసన్నా పెళ్ళికి యోనా కల్లు తాగి వచ్చాడు. గొడవేమీ చెయ్యలేదు. ఒక మూలన కూర్చుని పద్యం పాడాడు, అంతే. కానీ అందులో కల్లు మాట రాగానే మగపెళ్ళివారి వైపు ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. “మామ లోపలా కల్లే, పద్యంలా కల్లే,” అన్నారెవరో. అత్తగారింట్లో మందు మాటే ఎత్తకూడదు. పదిహేడేళ్ళ పెళ్ళికూతురు తల వంచుకుని, ఆ సాయంత్రమే మనసులో ఆ మాటను ఎత్తి చూసింది. కల్లే. రెండూ బరువే. పాలే. రెండూ బరువే. బరువుకు బరువు సరిపోయింది. రాయి తీసి బొగ్గు పెట్టానని అనుకుంది. పద్యం ఎక్కడా కుంటలేదు. ఆ రోజు నుంచి ఎవరికి నేర్పినా పాలే అనే నేర్పింది. బరువు తప్ప పద్యంలో ఇంకో తాళం ఉంటుందని నాయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

మర్నాడు ఉదయం షిఫ్టులో బెల్టు మోత మధ్య, పక్కన నిలబడి ఏరే సమ్మవ్వతో అరిచి చెప్పింది. సమ్మవ్వ చర్చికి రాదు. ఆమెకు ఆమె దేవతలున్నారు. అయినా పదేళ్ళుగా ఈ పద్యాలన్నీ విని విని ఆమెకూ వచ్చు.

“రెండో అచ్చరం ఒక్కటే ఉండాలెనట సమ్మవ్వా! మా నాయనకు గది తెల్వదంటున్నరు!”

“తక్కినయి సూడరాదే పొల్లా! నలభై ఉన్నయి గదా!”

సుసన్నా ఒక పద్యం ఎత్తుకుంది. నాలుగు వాకిళ్ళలో నాలుగు ‘న్న’లు. ఇంకోటి. నాలుగు ‘ట్ట’లు. మూడోది. నాలుగు ‘ర’లు, గుణింతాలు వేరైనా అక్షరం అదే. చేతులు వాటంతట అవి రాళ్ళు ఏరుతున్నాయి, ఆమె మాత్రం నోరు తెరుచుకుని నిలబడిపోయింది. చిన్నప్పటి నుంచి పాడిన పద్యాలు. నలభైకి నలభై. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. తన ఇంటి గోడలు ఏ రంగో తనకే తెలియనట్టు, ఇన్నేళ్ళూ ఒక్కసారీ వినలేదు.

“నాకైతే ఎప్పటిసందో ఒక అనుమానం,” అంది సమ్మవ్వ, చెమట తుడుచుకుంటూ. “తెల్లారేదాక చుక్కలు చుక్కలు కారి కుండ నిండనీకి గది ఏం బర్రెనే? బర్రె పాలు గట్ల కారుతయా? అడుగుదమనుకున్న, మీ దేవుని బర్రె వేరే ఉంటదేమోనని ఊకున్న.”

సుసన్నా నవ్వబోయింది, నవ్వు ఏడుపైపోయింది. తాటిచెట్టు చివర రాత్రంతా కట్టిన కల్లు లొట్టి ఆమె కళ్ళ ముందు వేలాడింది. ఎవరూ చూడకుండా చీకట్లో చుక్కా చుక్కా నిండే లొట్టి. పల్లెలో తెల్లవారుజామున చెట్టు కింద నిలబడి పైకి చూసే నాయన. దయ ఎలా వస్తుందో చెప్పడానికి ఆయనకు ఈ లోకంలో దొరికిన ఒకే ఒక్క పోలిక అది. తాను దాన్ని తీసేసి, అర్థం లేని బర్రెను కట్టేసింది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పెళ్ళయిన ఏడాదికి యోనా కూతురి ఇంటికి వచ్చాడు. ఇరుగుపొరుగువాళ్ళు అడిగితే సుసన్నా ఆ పద్యం పాడింది. యోనా కళ్ళు మూసుకుని తొడ మీద దరువు వేస్తున్నాడు. మూడో వాకిట్లో చెయ్యి ఆగింది. పైకి లేచిన అరచెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దిగి, మిగతా పద్యాన్ని కొట్టి పూర్తిచేసింది. పోయేటప్పుడు, “మంచిగ పాడినవ్ బిడ్డా,” అన్నాడు. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో సుసన్నాకు పదకొండేళ్ళ తర్వాత, బెల్టు ముందు తెలిసింది. అలా వచ్చి వెళ్ళిన మరో ఏడాదికే ఆయన పోయాడు. అడగడానికి మనిషి లేడు.

ఇంటికి పోయి యిర్మియాకు చెప్పింది. అతను గిన్నెలు అదిరేలా లేచాడు.

“నీకు పిచ్చి గిట్ల లేసిందా? గుడి గోడ మీద కల్లా? నేను కమిటీల ఉన్న మనిషిని. తాగుడు మానున్రని ప్రతి నెలా నాతోనే చెప్పిస్తరు. నోరు మూసుకో. పంతులు పద్యమే పెట్టనీ. నీ నాయన పేరు లేకుంటే ఏం కొంప మునిగింది?”

“మా నాయనకు పద్యం రాదని అనుకుంటరు.”

“అనుకోనీ!”

“గది నా వల్ల అనుకుంటరు.”

యిర్మియా చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. వారమంతా ఇద్దరి మధ్యా ఉప్పు, నీళ్ళు, షిఫ్టు టైము తప్ప మాటలు లేవు. సుసన్నా తూచుకుంటూనే ఉంది. నోరు విప్పకపోతే నాయన పద్యం రాని మొద్దు. విప్పితే నాయన తాగుబోతు, తాను అబద్ధాలకోరు. ఈసారి చేతికి ఏది బరువో ఏది తేలికో తెలియలేదు.

ఆదివారం పాస్టరయ్యగారు పంతులు కొత్త పద్యాన్ని చదివి వినిపించి, “అందరికీ సమ్మతమేనా?” అన్నారు. చెక్కే గట్టయ్య సుత్తె, ఉలి సంచిలో పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి సుసన్నా లేచింది. పద్యం ఎత్తుకుంది. మొదటి వాకిలి. రెండో వాకిలి. జనం అలవాటుగా గొంతు కలిపారు. మూడో వాకిట్లో అందరూ ‘పాలే’ అంటుంటే, ఆమె ఒక్కతి అంది:

“కల్లే చుక్కలు చుక్కలు.”

చప్పున గొంతులన్నీ ఆగిపోయాయి. నాలుగో వాకిలి ఆమె ఒక్కతే పాడి ముగించింది. ఎవరి చేతిలోంచో పాటల పుస్తకం జారి గచ్చు మీద పడితే, ఆ చప్పుడుకు సగం మంది ఉలిక్కిపడ్డారు.

“గది మా నాయన కట్టిన మాట,” అంది సుసన్నా. “పాలు నేను పెట్టిన. మా నాయన తాగేటోడు. నాకు సిగ్గయింది. గందుకే తీసేసిన. ప్రాస తప్పింది నేను, ఆయన గాదు. పంతులుగారూ, ఇప్పుడు సూడున్రి. తూకం సరిపోయిందా లేదా?”

సామ్యేల్ పంతులు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. నల్ల, మెల్ల, కల్ల, తెల్ల అని పెదవులు కదిపాడు. జేబులోని తన సొంత పద్యం ఉన్న కాగితాన్ని ఒకసారి తాకి చూసుకున్నాడు. పాపం, చెడ్డవాడు కాదు. ఛందస్సు విషయంలో అబద్ధం ఆడడం ఆయనకు చేతకాదు.

“దోషం లేదు,” అన్నాడు. “ఒక్కటి గూడ లేదు.”

పాస్టరయ్యగారు బల్ల ముందుకు వచ్చారు. “సుసన్నమ్మా, యోనా రక్షణ పొందినంక తాగుడు మానిండా?”

అవును అంటే అయిపోయేది. పక్కనున్న ఆడవాళ్ళు కొంగు లాగారు కూడా.

“మానలే అయ్యగారూ. సచ్చేదాక తాగిండు. ఈ పద్యం గూడ చెట్టు కిందనే కట్టిండు.”

మగవాళ్ళ వైపు నుంచి ఒకడు పళ్ళ మధ్య నుంచి అన్నాడు. “తాగుబోతోని మాటలు దేవుని గోడకా?”

అప్పుడు లేచాడు యిర్మియా. అందరి ముందూ తనను కూర్చోబెడతాడనుకుంది సుసన్నా.

“మా మామ తాగిండు,” అన్నాడు యిర్మియా. మెడ దాకా ఎర్రబడ్డాడు. “షిఫ్టు దిగినంక కల్లు మండువకు పోనోళ్ళు ఇక్కడ ఎందరున్నరో చేతులెత్తున్రి. నేనైతే ఎత్త. కమిటీల ఉండి గూడ మొన్న శనివారం పోయిన. మా మామ తాగి పద్యం కట్టిండు. మనం తాగి పెండ్లాలను కొడ్తం. ఎవరిది గోడకెక్కాలెనో మీరే చెప్పున్రి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. మొగుడు మండువకు పోయిన సంగతి సుసన్నాకు అప్పుడే తెలిసింది. పన్నెండేళ్ళ కాపురంలో ఆ మనిషి తన తరఫున నోరు విప్పడం కూడా అప్పుడే చూసింది. దేనికి ముందు నివ్వెరపోవాలో తెలియక, నిలబడ్డదల్లా కూలబడింది.

పాస్టరయ్యగారు గుమ్మం దగ్గరున్న గట్టయ్య సంచి వైపు చూశారు. చివరికి, “ముందు గోడ మీద కల్లు మాట నేను పెట్టించలేను. బిషప్పుగారికి జవాబు నేను చెప్పుకోవాలె. కాని దోషం లేదన్న పద్యాన్ని కొట్టెయ్యను గూడ కొట్టెయ్యలేను,” అన్నారు. “వెనక గోడకు, నల్లా దగ్గర పెడ్దం.”

“ఏ గోడన్న గానీ అయ్యగారూ,” అంది సుసన్నా కింద నుంచే. “అచ్చరం మారొద్దు.”

అలా ఆ చర్చికి రెండు పలకలు అయ్యాయి. ముందు గోడకు సామ్యేల్ పంతులుది. దానికి ఒక్క దోషం లేదు, ఒక్కరికీ నోటికి రాదు. వెనక గోడకు, డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కునే నల్లా పక్కన, యోనాది. కింద పేరుతో సహా. కొన్నాళ్ళు జనం ఆ మాట దగ్గరికి రాగానే గొంతు తగ్గించి గొణిగేవాళ్ళు. తర్వాత తర్వాత ఆ మాట దగ్గరే గొంతు పెంచడం మొదలుపెట్టారు, ముఖ్యంగా మొదటి షిఫ్టువాళ్ళు. సామ్యేల్ పంతులు బడిలో కందం చెప్పినప్పుడల్లా ఉదాహరణకు ఆ పద్యమే రాసేవాడట. మూడో పాదం వచ్చేసరికి మాత్రం నల్లబోర్డుకు అడ్డంగా నిలబడేవాడట.

సుసన్నాకు అరవై దాటాక నేను ఈ కథంతా రాసి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపిస్తే, అవ్వ కళ్ళు మూసుకుని, అరచెయ్యి వెల్లకిలా పెట్టుకుని విన్నది. నాయన పేరు నిలబెట్టిన బిడ్డవు నువ్వు, ఇంత ధైర్యం ఎవరికుంటుంది అవ్వా అంటే, కళ్ళు తెరిచి ఇలా అంది:

“నిలబెట్టుడేంది నీ మొకం. పన్నెండేండ్లు మా నాయన పద్యాన్ని ఖరాబు చేసింది నేను. పెండ్లయినంక, ఆయన ఉండంగ ఒక్కపారి గూడ సరిగ్గ పాడి వినిపియ్యలే. ధైర్నం అన్న మాట కొట్టేసి గది రాయి.”